మామయ్యగారి అడ్డగీత కింద

మా మామగారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను అదే ఆసుపత్రిలో, ఆయన వార్డుకి సరిగ్గా కింది అంతస్తులో, ఒక పెద్దావిడకి మాత్రలు మింగిస్తున్నాను. కోవిడ్ వార్డులో పనిచేసేవాళ్ళు తప్ప ఆ మెట్లు ఎవరూ ఎక్కకూడదు. నర్సునైనా నాకూ అదే రూలు. ఫోన్ పెట్టేసి, మిగతా మంచాలవాళ్ళకి కూడా మాత్రలిచ్చి, చార్టులో రాసి, అప్పుడు దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి ఏడ్చాను. అందులో దుఃఖం ఎంతుందో కోపం కూడా అంతే ఉంది. ఆయనకీ నాకూ మధ్య ఒక తగువు మిగిలిపోయింది.

ఆ సాయంత్రం నుంచే సంతాపాలు మొదలయ్యాయి. తెలుగు కథకి తీరని లోటు అన్నారు. గాల్వే నుంచి ఒకాయన ఏకంగా మహాకవి అన్నాడు. మా మామగారు జన్మలో ఒక్క పద్యం రాయలేదు. ఐర్లండ్‌లో ఆరేళ్ళున్నారు, ఒక్క ఉగాది సభకి పిలిచినవాళ్ళు లేరు. పిలిస్తే ఏం మాట్లాడతాడోనని భయం. ఇప్పుడు ఆయన ఏమీ మాట్లాడలేరు కాబట్టి అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. ఇది చదువుతున్నవాళ్ళలో అలాంటి మెసేజ్ పెట్టినవాళ్ళుంటే, ఆయన కథ ఒక్కటి, ఒకే ఒక్కటి, పేరు చెప్పండి చూద్దాం.

ఆయన గుంటూరు జిల్లాలో కరెంటు ఆఫీసు లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక పోర్ట్‌లీష్‌లో మా దగ్గరికొచ్చి, మంచం పడితే తలుపు సగమే తెరుచుకునే చిన్న గదిలో ఉన్నారు. మనిషి సులువైనవారు కాదు. నేను వండిన పప్పులో పులుపు చాలలేదని నాతో చెప్పకుండా పప్పు గిన్నెతో చెప్పేవారు. మాది ప్రార్థనలు చేసుకునే కుటుంబం. ఆయన మాత్రం ముప్పై ఏళ్ళ కిందట, పాస్టరుగారు తన కథని గుళ్ళో ప్రసంగపీఠం మీంచి హెచ్చరికగా చదివి వినిపించిన ఆదివారం, సగం ఆరాధనలో లేచి బయటికొచ్చేశారట. మళ్ళీ ఏ గుడిలోకీ వెళ్ళలేదు. అయినా భోజనాల దగ్గర నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నంతసేపూ ముద్ద కలిపి పట్టుకుని కూర్చునేవారు గానీ నోట్లో పెట్టుకునేవారు కాదు. ఆమెన్ అనగానే, "అయిందా ఫారం నింపడం?" అనేవారు.

నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు మావయ్యా, దేవుడంటే మీకంత కక్ష?"

"కక్షేంటమ్మాయ్! కథలో దేవుణ్ణి నిలదీయాలంటే ముందు ఆయనున్నాడని గట్టిగా అనుకోవాల. మీ పాస్టరు అట్టా అనుకోడు. అందుకే ఆయన్నేమీ అడగడు."

ఆయన కథల్లో జరగనివే జరుగుతాయి. ఇరవై మూడేళ్ళప్పుడు రాసిన మొదటి కథలో పరలోకపు గుమ్మం దగ్గర హాజరుపట్టీ ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన దేవదూత ఒకామె, ఆలస్యానికి కారణం రాయనంటుంది. ఆమె సంతకం పడితేగానీ గుమ్మం తెరవరు. బయట చనిపోయినవాళ్ళ వరస పెరిగిపోతుంది. వాళ్ళు టీ కొట్లు పెట్టుకుంటారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, చివరికి గుమ్మం తెరిచినా లోపలికెళ్ళేవాడుండడు. నలభై ఏళ్ళు దాటాక రాసిన ఇంకో కథలో, ఊరి కుళాయికి వచ్చినవాళ్ళ కులం తెలిసిపోతుంది. మనిషిని బట్టి నీళ్ళు వదిలే ఆ కుళాయికే ఒకరోజు దాహమేస్తుంది, తనది ఏ కులమో తెలియక తనకి తాను నీళ్ళిచ్చుకోలేకపోతుంది. ఆ కథ అచ్చేసిన పత్రికని ఆయన ఊళ్ళోనే తగలబెట్టారు. ఇక్కడికొచ్చాక కూడా చల్లబడలేదు. లీష్ కౌంటీ చుట్టూ ఉండే నల్లటి తడినేల, ఇక్కడివాళ్ళు బాగ్ అనేది, తనలో పడ్డదాన్ని వేల ఏళ్ళు కుళ్ళకుండా దాస్తుందని ఎవరో చెప్పారు. వారం తిరక్కుండా, ఆ నేల పాతవాళ్ళకి బదులు ఇంకా పుట్టనివాళ్ళని పైకి తేల్చడం, వాళ్ళు తమని ఇప్పుడే కనొద్దని కౌన్సిల్ ఆఫీసు ముందు ధర్నాకి కూర్చోవడం రాసేశారు.

ప్రతి కథా ఒకే తీరులో ముగించేవారు. ఆఖరి మాట రాసి, స్కేలు పెట్టి, కాయితం ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అడ్డగీత గీసేవారు. మిగిలిన కాయితం ఎంతున్నా వదిలేయడమే. తేదీ వేయరు, సంతకం చేయరు. "గీత కింద నా మాట కూడా ఉండకూడదమ్మాయ్. అక్కడ చదివేవాడు ఒంటరిగా నిలబడాల," అనేవారు.

మొదటి లాక్‌డౌన్‌లో, డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకుండా ఇంట్లోనే ఉండాలని ప్రభుత్వం చెప్పింది. దానికి కకూనింగ్, అంటే పట్టుగూట్లో ఉండటం, అని పేరు పెట్టారు. "పట్టుపురుగుని చేశారే నన్ను," అని రెండు రోజులు నవ్వుకుని, మూడోరోజు అటక మీది సూట్‌కేసు దించమన్నారు. దాన్నిండా పత్రికల కత్తిరింపులు, చేతిరాత కాయితాలు. మొత్తం నలభై ఒక్క కథలు. అన్నీ కలిపి ఒక పుస్తకం వేయాలన్నారు. కొడుకుని అడగలేదు. మా ఆయనది డబ్లిన్ శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ కొలువు, అప్పుడు ఇంటి నుంచే పని, అయినా తండ్రి కథ ఒక్కటీ చదివిన మనిషి కాదు. చిన్నప్పుడు ఆ కథల మూలంగా బళ్ళో తిన్న దెబ్బలు చాలంటారు. అందుకని నా సెలవు రోజులన్నీ టైపింగ్‌కే పోయాయి. ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. ఒక్క కామా మారిస్తే పట్టేసేవారు.

"నచ్చకపోతే నచ్చలేదని నా మొహాన చెప్పు. సర్దకు," అన్నారు ఒకసారి.

నాకు నచ్చనిది ఆఖరిదైన నలభై ఒకటో కథ. దేవుడు ఐర్లండ్ వస్తాడు. ఏ ఆఫీసుకెళ్ళినా ఇంటి అడ్రసుకి రుజువు తెమ్మంటారు, కనీసం ఒక కరెంటు బిల్లు. ఆయన గుళ్ళన్నీ తిరుగుతాడు. ప్రతి గుడి బిల్లూ ఇంకెవరో ఒకరి పేరు మీదే ఉంటుంది. చివరికి నమ్మకం లేని ఒక ముసలాడు తన చిన్న గదిలో ఉండనిస్తాడు. లీజు అయిపోయిందని ఇంటి ఓనరు వచ్చినప్పుడు, ముసలాడు దేవుడి సంచీ వాకిట్లో పెట్టి తలుపేసుకుంటాడు. అంతే, అడ్డగీత. ఎక్కడా ఆపకుండా టైపు కొట్టేశాను. కథ బాగుందని తెలుస్తూనే ఉంది, అదే బాధ. ఆయన మొహాన మాత్రం ఏమీ చెప్పలేదు.

పుస్తకాన్ని గుంటూరులో మా సంఘం పాటల పుస్తకాలూ సావనీర్లూ వేసే ప్రెస్సుకి పంపాను. నాకు తెలిసిన ప్రెస్సు అదొక్కటే. మా సావనీర్లలో ఎక్కడ ఖాళీ మిగిలినా అక్కడ బైబిలు నుంచి ఒక వాక్యం వేయడం అలవాటు. వాళ్ళు ఆ అలవాటు కొద్దీ ప్రతి కథ చివరా, అడ్డగీత కింద, ఒక వాక్యం వేసి ప్రూఫ్ పంపారు. "ఖాళీ పేజీ బోసిగా ఉంటది సిస్టర్," అని మెసేజ్ కూడా పెట్టారు. అప్పటికి శరత్కాలం, రెండో లాక్‌డౌన్. నేను డ్యూటీ దిగి, మాస్కు ఒరుసుకుపోయిన చెంపలకి క్రీము రాసుకుంటూ ఫోన్లో ఆ ప్రూఫ్ చూశాను. నలభై ఒకటో కథ దాకా వెళ్ళాను. అక్కడ వాళ్ళు వేసిన వాక్యానికీ కథకీ పొంతన లేదు. అది తీసేసి, వాకిట్లో నిలబడ్డ దేవుడికి నేను చెప్పాలనుకున్నదంతా చెప్పే వాక్యం, లోపలికి రమ్మని పిలిచేది, ఒకటి వెతికి, పంపి, కింద 'ఓకే బ్రదర్' అని రాశాను. అలసటలో జరిగిన పొరపాటు కాదది. చక్కగా తెలిసే చేశాను. చేశాక ప్రాణం హాయిగా ఉందనిపించింది కూడా.

రెండు కాపీలు కొరియర్‌లో వచ్చాయి. మిగతావి ప్రెస్సులోనే ఉన్నాయి. ఆయన గదిలో కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పేజీ పేజీ తిప్పారు. తర్వాత వంటింట్లోకి వచ్చారు. నేను ప్రెస్‌లో గ్లాసులు సర్దుతున్నాను. ఇక్కడ కప్‌బోర్డుని ప్రెస్ అంటారు.

"ఎవరిదమ్మాయ్ ఈ చెయ్యి?"

"ప్రెస్సోళ్ళు మావయ్యా. వాళ్ళకది అలవాటు."

"నలభై వాక్యాలు అడ్డదిడ్డంగా ఏశారు. అది ప్రెస్సోళ్ళే. ఈ ఆఖర్ది మాత్రం కథ చదివినోళ్ళు ఏశారు. కథ చదివి, అర్థమై, ఏశారు."

నేను గ్లాసులు సర్దుతూనే ఉన్నాను. ఆయన పుస్తకం పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత పదకొండు రోజులు నాతో మాట లేదు. పప్పు గిన్నెతో కూడా మాట్లాడలేదు. నా ప్రార్థన అవుతున్నంతసేపూ ముద్ద పట్టుకుని కూర్చోవడం మాత్రం మానలేదు. పన్నెండో రోజు జ్వరం వచ్చింది. ఆ వైరస్ నా వెంట ఇంట్లోకి వచ్చిందో, మా ఆయన వెంట షాపు నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. రాత్రింబవళ్ళు ఆ ప్రశ్న నన్ను తింటూనే ఉంది.

అంబులెన్స్ వాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే చెయ్యి ఎత్తి ఆపమన్నారు. ఆయాసపడుతూ అన్నారు: "ఆ నలభై పోనీ. వాళ్ళకేం తెలుసు. నువ్వు చదివావు. నా ఇంట్లో చదివినదానివి నువ్వొక్కదానివే. అందుకే నీ మీద కోపం."

నేను క్షమించమని అనలేదు. ఆయన కూడా క్షమించానని అనలేదు. తొమ్మిదో రోజు పోయారు.

అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. తర్వాతి ఆదివారం జూమ్‌లో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవారి గురించి తలా ఒక సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. పుస్తకం పీడీఎఫ్ మా ఆయనే సంఘ పెద్దకి పంపారు, తండ్రి గురించి నాలుగు మంచి మాటలు చెబుతారని. ఆ పెద్దమనిషి ఆఖరి పేజీ స్క్రీన్ మీద పెట్టారు.

"చూడండి ప్రియులారా! జీవితమంతా దేవుణ్ణి ధిక్కరించిన ఈ సహోదరుడు తన చివరి కథని ఏ వాక్యంతో ముగించాడో చూడండి. తప్పిపోయిన బిడ్డ ఆఖరి ఘడియలో ఇంటికొచ్చాడు!"

చిన్న చిన్న గడుల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. యాభై ఏళ్ళు ఎవరికీ లొంగని మనిషిని మూడు నిమిషాల్లో లొంగదీశారు. అదీ నా చేతి వాక్యంతో. మ్యూట్ తీసి, "ఆ వాక్యం ఆయనది కాదండీ," అన్నాను.

"సిస్టర్ గారు చాలా వేదనలో ఉన్నారు, ఆమె కోసం ప్రార్థన చేద్దాం," అని నన్ను మ్యూట్ చేశారు.

అప్పుడు చాట్‌లో రాశాను. ఆ వాక్యం నేను పెట్టాను, ఆయనకి తెలియకుండా పెట్టాను, అడిగితే అబద్ధం చెప్పాను, ఆయన దేనికీ తిరిగి రాలేదు, ఆయన కథల్లో ఉన్నచోటే ఉన్నారు. రాసి పంపాను. వందమంది దాకా చదివి ఉంటారు. పక్కనే కూర్చున్న మా ఆయన కూడా చదివి, లేచి, తెరలోంచి పక్కకి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి సంఘంవాళ్ళ ఫోన్లు రెండు రకాలు. మామగారి ఆత్మకి అన్యాయం చేశావని కొందరు, కుటుంబం పరువు తీశావని కొందరు. మొదటిది నిజమే, కాకపోతే వాళ్ళనుకున్నట్టు కాదు. ప్రెస్సుకి ఫోన్ చేసి, కట్టలు బయటికి పోనివ్వొద్దని, వాక్యాలన్నీ తీసి మళ్ళీ వేయాలని చెప్పాను. బోసిగా ఉంటది సిస్టర్ అన్నారు మళ్ళీ. ఉండనివ్వమన్నాను. మా ఆయన నాతో ముక్తసరిగా కూడా మాట్లాడలేదు. కానీ ఒకరోజు మీటింగుల మధ్య మెట్ల మీద కూర్చుని ఆ పాత కాపీ చదువుతూ కనిపించారు. నేను పక్కనుంచి వెళ్తే కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

కొత్త ప్రతులు గుంటూరులో సిద్ధమయ్యాయట. మీలో ఎవరికైనా కావాలంటే పంపిస్తాను. మెచ్చుకోనక్కర్లేదు. చదవండి, ఒళ్ళు మండితే మండిందని చెప్పండి.

మొన్న శనివారం, సమాధి రాయి చెక్కే అతను బొమ్మ గీసి మెయిల్లో పంపాడు, చూసి సరే అంటే పని మొదలుపెడతానని. ఇక్కడ సమాధి నేల కుదురుకున్నాకే రాయి నిలబెడతారు. ఈసారి ప్రతి అక్షరం చూశాను. పేరు సరిగానే ఉంది. దాని కింద, ఎవరూ అడక్కపోయినా, అందరి రాళ్ళ మీదా ఉండే ఓదార్పు మాటలు రెండు వరసలు వేశాడు. నేను ఫోన్ అందుకునేలోపు మా ఆయనే అందుకున్నారు. ఆ రెండు వరసలూ తీసేయమని చెప్పారు. మరీ బోసిగా ఉంటుంది, నిజంగానే తీసేయాలా అని అతను రెండుసార్లు అడగడం నాకు వినపడింది.

"తీసెయ్. అక్కడ ఏమీ వద్దు," అన్నారు ఇంగ్లీషులో. "గ్రాండ్ సో," అన్నాడతను. ఇక్కడివాళ్ళు సరే అనడానికి అలా అంటారు.

ఫోన్ చేత్తో మూసి, మూడు వారాల తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి అడిగారు.

"ఇంత ఖాళీ సరిపోద్దంటావా నాన్నకి?"

బొమ్మ మళ్ళీ చూశాను. "పేరు ఇంకాస్త పైకి జరపమనండి," అన్నాను.