కళ్ళక్క గది

ఆ కంటి ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె కళ్ళక్కే. కింది అంతస్తులో ఉత్తరపు కిటికీ ఉన్న చిన్న గదిలో ముప్పై ఏళ్ళుగా పెట్టుడు కళ్ళు తయారుచేసేది.

ఆ విద్య మేనమామ దగ్గర అబ్బింది. ఆయన షాపులకు బోర్డులు రాసేవాడు. చేతి నిలకడ చూసి పెద్ద డాక్టరు పిలిపించి ఈ పని అప్పగించాడు. మేనకోడలు ఆయన పక్కన చేరి, రంగులు కలుపుతూ కలుపుతూ బ్రష్షు అందుకుంది.

"నల్లకన్ను అంటారు గానీ, నల్లరంగు ముట్టుకున్నావంటే పని చెడినట్టే" అనేవాడాయన. "గోధుమ రంగుతో మొదలుపెట్టమ్మా."

ఒక్కో కంటికి మూడు రోజులు పట్టేది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉన్న కంట్లోకి చూస్తూ లేని కన్ను గీయాలి. తెల్లగుడ్డు మీద నరాల కోసం ఎర్రటి పట్టుదారం పోగులు అతికించాలి. అన్నేసి గంటలు కంట్లోకి చూస్తూ కూర్చుంటే ఎంతటివాళ్ళకైనా కడుపులో మాట దాగుతుందా? చెక్కపేడు ఎగిరి కన్ను పోగొట్టుకున్న వడ్రంగి ఒకతను మొదటిరోజు నోరు విప్పలేదు. రెండోరోజు, భార్య తన ముఖంకేసి చూడటం మానేసిందని చెప్పాడు. మూడోరోజు కన్ను అమర్చగానే, అద్దమైనా చూసుకోకుండా నేరుగా వెళ్ళి బయట బెంచీ మీదున్న భార్య ముందు నిలబడ్డాడు. ఆవిడ ఏమందో కళ్ళక్కకు వినపడలేదు. ఇద్దరూ నవ్వుకుంటూ ఆసుపత్రి గుమ్మం మెట్లు దిగడం మాత్రం కిటికీలోంచి చూసింది.

పోయినేడాది ఆ గదిలోకి ఒక కెమెరా, ఒక ప్రింటరు వచ్చాయి. కెమెరా కంటిగుంట కొలతా, రెండో కంటి రంగులూ తీసుకుంటుంది. ప్రింటరు పొర మీద పొర వేసి రెండు గంటల్లో కన్ను చేతిలో పెడుతుంది. వాటిని నడిపే అమ్మాయి ఎంతో మర్యాదగా అంతా విడమరిచి చెప్పింది. కళ్ళక్క ఊకొట్టిందే గానీ మూతి ముడుచుకునే ఉంది.

ఆ కెమెరా ముందు మొదట కూర్చున్నది ఒక స్కూలు టీచరు. ఆరేళ్ళప్పుడే జబ్బుచేసి కన్ను తీయించుకున్న పిల్ల. ఎదిగేకొద్దీ ఆమెకు నాలుగు కళ్ళు చేసిపెట్టింది కళ్ళక్క. ఐదోది ప్రింటరు చేసింది.

దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని చూసింది కళ్ళక్క. నల్లగుడ్డు చుట్టూ సన్నగా ఒక బూడిదరంగు అంచు ఉంటుంది ఈ పిల్లకి. నాలుగుసార్లూ తన చేతికి చిక్కని ఆ అంచు ఇందులో అచ్చంగా దిగింది. వరండాలో నాలుగు నెలలుగా వంతు కోసం తిరుగుతున్నవాళ్ళు గుర్తొచ్చారు. నెమ్మదిగా అంది.

"బాగుంది. నాకంటే బాగా చేసింది."

రెప్పకి ఒరుసుకుంటున్న చోట తనే సానపట్టి సరిచేసి అమర్చింది. ఆ పని ఇప్పటికీ ఆమెదే. టీచరు అద్దంలో చూసుకుని, మురిసిపోయి, తర్వాత గడియారం వైపు చూసింది.

"అయిపోయిందా అక్కా? అలవాటుకొద్దీ మూడు రోజులు సెలవు పెట్టి వచ్చాను."

కళ్ళక్క తన స్టూలు ఆమెకు ఎదురుగా జరుపుకుంది.

"అయితే కూర్చో. మీ అత్తగారి సంగతి కిందటిసారి సగంలో ఆపేశావు. తర్వాతేమైందో కానివ్వు."