బెల్లుకో కూడిక, లైటుకో కూడిక

జ్ఞానశేఖర్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువు కొన్నా, దానికి కృతజ్ఞత కూడిక పెట్టి ప్రార్థన చేయించనిదే వాడడు. ఇల్లు కట్టి కూడిక పెట్టేవాళ్లున్నారు, కారు కొని పెట్టేవాళ్లున్నారు. మిక్సీ మూతకు పెట్టినవాడు మాత్రం మదనపల్లె నుంచి కుప్పం దాకా జల్లెడ పట్టినా ఈయనొక్కడే దొరుకుతాడు. మిషన్ ఆసుపత్రి మందుల కౌంటర్లో ఇరవై ఏడేళ్లుగా కూర్చునే ఈ మహానుభావుడు, ఇకమీదట డ్యూటీకి సైకిలు మీదే పోతానని ప్రకటించాడు.

అందరూ నవ్వారు. సంతోషించినవాడు మేనల్లుడు కెల్విన్ ఒక్కడే. ఇంజనీరింగ్ రెండో ఏడులో వదిలేసి, సలహా చెప్పినవాళ్లందరితో మొహం మీదే మాట్లాడి చెడ్డపేరు తెచ్చుకున్న కెల్విన్‌కు ఎట్టకేలకు పుంగనూరు రూట్లో పార్సెళ్లు అందించే పని దొరికింది. రెండు నెలల తర్వాత, ఒకటో తేదీ సోమవారం చేరాలి. సొంత బండి లేకుంటే పని లేదు. మామ దగ్గర మోపెడ్ ఉంది. తాను సైకిలెక్కిన రోజున ఆ బండి నీదేనని మామ మాటిచ్చాడు. సైకిలు ఎక్కడానికి మనిషికి రెండు నెలలు పడుతుందా అనుకున్నాడు కెల్విన్. పాపం, చిన్నవాడు.

సైకిలు పుంగనూరులో మునిరత్నం అంగట్లో కొన్నారు. బెల్లు, లైటు, క్యారియర్, అన్నీ అరగంటలో బిగించి ఇస్తానన్నాడు మునిరత్నం. జ్ఞానశేఖర్ ఒప్పుకోలేదు. ఒట్టి సైకిలే చాలు, తక్కినవి వారానికొకటి కొంటాడట.

"సార్, మీకు గావాల్సింది సైకిలా, రథమా?" అన్నాడు మునిరత్నం.

అయినా పెద్దమనసుతో, చక్రాల కింద పెట్టి తొక్కించమని కాసిని నిమ్మకాయలిచ్చాడు. జ్ఞానశేఖర్ వాటిని భక్తిగా సంచిలో వేసుకున్నాడు. కూడికలో షర్బత్‌కు పనికొస్తాయట.

మొదటి కూడిక ఒట్టి సైకిలుకు. రెండోది బెల్లుకు. దాని నాదం బాగుండాలని కుప్పం దాకా బస్సులో పోయి, పదకొండు బెల్లులు మోగించి, అంగడాయన చెవులు మూసుకున్నాక పన్నెండోది తెచ్చాడు. మూడోది లైటుకు. లైటుకు చర్చి పాస్టరు సైమన్ అయ్యగారికి బైబిలు వాక్యం సులువుగా దొరికింది. గాలి పంపుకు రెండు రోజులు వెతికాడు. మడ్‌గార్డుకు, మనిషిని బురదలోంచి లేవనెత్తడం గురించి ముప్పావుగంట మాట్లాడి, తన ప్రసంగానికి తానే నివ్వెరపోయాడు.

కూడికలన్నీ వెనకవీధిలో జయశీల ఇంట్లో. ఆమె రిటైరైన నర్సు, ఊరికంతా సిస్టరమ్మ. భర్త పోయాక ఆ ఇంటి తలుపు తెరుచుకోవడం ఎవరూ చూడలేదు. పాలప్యాకెట్టు కూడా కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి తీసుకునేది. తన ఇల్లు ఇరుకని, ఆమె హాలు పెద్దదని జ్ఞానశేఖర్ చెప్పేవాడు. చాపలు మోసేది కెల్విన్, గిటారు వాయించేది కెల్విన్, చివర్లో మోపెడ్ తాళంచెవి కోసం చెయ్యి చాపేది కూడా కెల్వినే. మామ సైకిలు చుట్టూ ఓసారి తిరిగి, దూరంనుంచి ఓసారి చూసి, తల అడ్డంగా ఊపేవాడు.

"ఇంగొకటి తక్కువుండాదప్పా."

"మామా, మనిషి పుట్టేదానికే తొమ్మిది నెల్లు సాలు."

"మనిషికి మడ్‌గార్డు లేదు గదప్పా."

ఈ తర్కానికి ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు దొరకదు.

ఇట్లా క్యారియర్ అయింది, హెల్మెట్ అయింది, నెలాఖరు వచ్చింది. శుక్రవారం సాయంత్రం హెల్మెట్ కూడిక ముగిశాక మామ సైకిలు చుట్టూ తిరిగి చూసి, వెనక వచ్చేవాళ్లు కనపడే అద్దం తక్కువుందన్నాడు. కెల్విన్ గిటారు అక్కడే పెట్టేశాడు. సోమవారం బండి లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. శనివారం పొద్దున్నే నేరుగా జయశీల ఇంటికి పోయాడు. ఆమె మెట్లు కడుగుతూ ఉంది. ఇల్లివ్వనని ఒక్క మాట చెబితే చాలు, మామ పిచ్చి కుదురుతుందని మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఆమె చీపురు గోడకు ఆనించి కూర్చుంది.

"నువ్వు సదువు యాల వదిలేస్తివో ఇప్పుడర్థమయిందప్పా. యీ లెక్క గూడా తెలీలేదా నీకు? ఎనిమిది నెల్లు ఆ తలుపెనకాల్నే కూసోనుంటి. సైకిలంటా వస్తే పొమ్మనలేక తలుపు దీస్తి. బెల్లుకు హాలు వూడిస్తి. లైటుకు తల దువ్వుకుంటి. పంపుకు నిమ్మకాయలు పిండితి. మడ్‌గార్డుకు పక్కింటామెతో మాట్లాడితి. నిన్న హెల్మెట్‌కు పాట యెత్తుకునిందెవురు?"

కెల్విన్‌కు గుర్తొచ్చింది. ఆ పాటకు గిటారు వాయించింది తనే. వాయిస్తూ తాళంచెవి గురించి ఆలోచిస్తున్నాడు.

"మీ మామ నాకు తెలీదనుకోనుండాడు. అనుకోనీ," అంది ఆమె. "అద్దం దాకా పోతే నా సేత డ్యాన్సు గూడా ఆడిస్తాడు. నీ బండి సంగతి నేను సూస్తా, పో."

తలుపు తట్టి ఓదార్చేవాళ్లను కెల్విన్ చూశాడు. ఒక తలుపు తెరిపించడానికి సైకిలును ఏడు ముక్కలు చేసి, వారానికొక ముక్క పట్టుకొచ్చే మనిషిని ఎక్కడా చూడలేదు. చాపలు మోసి మోసి నొప్పెట్టిన భుజాన్ని అతను మొదటిసారి గౌరవంగా తడుముకున్నాడు.

ఆదివారం జయశీల తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని, నడిచి చర్చికి వచ్చింది. ముందు వరుసలో పాడుతున్న జ్ఞానశేఖర్ ఆమెను చూసి చరణం మరిచిపోయి, పల్లవే మూడుసార్లు పాడాడు. బయటికొచ్చాక మేనల్లుడి చెవిలో చెప్పాడు.

"ఇంగేం తక్కువ లేదప్పా."

సోమవారం పొద్దున వీధంతా గేట్ల దగ్గర నిలబడింది. జ్ఞానశేఖర్ హెల్మెట్ పెట్టుకుని, కుప్పం బెల్లు మోగించి, పట్టపగలు లైటు వేసుకుని బయల్దేరాడు. వీధి చివర మెరక రాగానే దిగి, హెల్మెట్ తియ్యకుండానే సైకిలు తోసుకుంటూ పోయాడు. కెల్విన్ మోపెడ్ మీద వెనకే వచ్చి ఆగాడు. మామ ఆయాసపడుతూనే మోపెడ్‌ను ముందు నుంచి వెనక దాకా పరీక్షించాడు.

"దీనికి అద్దం లేకుండా పుంగనూరు రోడ్డెక్కుతావా?"

"ఉండాది గదా మామా."

"ఒకటే గదప్పా. ఇంగొకటి తక్కువుండాది."

వారం క్రితమైతే కెల్విన్ ఏమనేవాడో రాయకూడదు. ఇప్పుడు బండి ఇంజను ఆపి, ఆ మనిషి మొహంలోకి చూశాడు. హెల్మెట్ కింద చెమటలు కారుతున్నాయి, కళ్లు మాత్రం వీధిలో ఏదో మూసిన తలుపును వెతుకుతున్నాయి.

"సాయంత్రం తెస్తాలే. యెవురింట్లో, మామా?"