పేర్ల సర్వర్ పడిపోయిన రోజు

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, చెరువుల మధ్యలో ఉన్న ఒక రొయ్యల ప్లాంటులో నేను కంప్యూటర్లు చూసుకుంటాను. ఆ పనికి నేనొక్కదాన్నే. మా పిన్ని కూడా అక్కడే, రొయ్యల తలలు తీసి తొక్క ఒలిచే షెడ్డులో పని చేస్తుంది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. చెరువులకు తెగులు తగులుతుందన్న భయంతో రైతులు ఎదగని రొయ్యల్నే పట్టేస్తున్నారు. ప్లాంటు ముందు ఎప్పుడు చూసినా లారీల వరస. అలాంటి ఒక పొద్దున, ఇంకా బస్సులో ఉండగానే నా ఫోనుకి ఒక హెచ్చరిక వచ్చింది. మేము వాడే డైరెక్టరీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడిందని, వెంటనే కొత్త వెర్షన్ వేసుకోమని.

ప్లాంటులో అందరి పేర్లూ పాస్‌వర్డులూ ఉండేది ఆ సర్వర్‌లోనే. ఎవరు కంప్యూటర్ ముందు కూర్చున్నా, గేటు దగ్గర హాజరు వేసినా, ఈ మనిషి మన మనిషేనా అని యంత్రాలు దాన్నే అడుగుతాయి. ఎవరైనా మరీ పొడవైన పేరు పంపితే, అది పొడవు చూసుకోకుండా మెమరీలో రాసుకుంటూ పోతుందట. తనకిచ్చిన చోటు దాటి పక్కనున్న వాటిని చెరిపేస్తుందట. అప్పుడు సర్వర్ పడిపోవచ్చు. లేదా, కిటుకు తెలిసినవాడు పంపితే, పడిపోకుండా వాడు చెప్పినట్టల్లా ఆడవచ్చు. దానికి పాస్‌వర్డు కూడా అక్కర్లేదు.

ఆ చివరి మాట రెండుసార్లు చదివాను.

బస్సు దిగేసరికి షెడ్డు ఆడవాళ్లంతా కార్మికుల గేటు బయట వానలో నిలబడి ఉన్నారు. పిన్ని కొంగు నెత్తిన కప్పుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఏంది పాపా ఇది? మిషను పలకడం ల్యా. వాచ్‌మెన్ లోపలికి పోనీడం ల్యా."

"ఎప్పట్నించి పిన్నీ?"

"ముందొచ్చినోళ్లు పోయినారు. మా కాడికొచ్చేసరికి ఆగిపోయింది."

నేను సర్వర్ గదికి పరిగెత్తాను. డైరెక్టరీ సర్వర్ పడిపోయి ఉంది. మళ్లీ నడిపించాను. లేచింది. ఊపిరి పీల్చుకునేలోగా, నేను చూస్తుండగానే మళ్లీ పడిపోయింది. హెచ్చరికలో ఏం రాసి ఉందో అదే నా కళ్ల ముందు జరుగుతోంది. ఎక్కడో కూర్చుని ఎవరో అప్పుడే మా మీద దాడి మొదలుపెట్టారనిపించింది.

ప్లాంటు మేనేజర్ గారు తన గదిలో కంటైనర్ వాళ్లతో ఫోనులో ఉన్నారు. ఆయన ఫోను పెట్టేదాకా ఆగలేక చెప్పేశాను. "సార్, సర్వర్ ఆపి కొత్త వెర్షన్ వేయాలి. ఇప్పుడే."

"ఆపితే?"

"అది లేచేదాకా ఎవరూ లాగిన్ కాలేరు. ల్యాబ్‌లో రొయ్యల పరీక్ష రిపోర్టులు కూడా రావు."

"ఈ పొద్దు కంటైనర్ పోవాలమ్మా. ల్యాబ్ కాయితాలు లేకుండా పోర్టులో రానిస్తారా? రేపు చూసుకోండి."

"ట్రేలో పట్టేదానికన్నా ఎక్కువ రొయ్యలు పోస్తే పక్క ట్రేలో పడతాయి కదా సార్. అప్పుడు పక్క ట్రే మీదున్న చీటీ అబద్ధమైపోతుంది. సర్వర్ లోపల అలాంటిదే జరుగుతోంది. ఎవరైనా కావాలనే పోస్తున్నారేమో."

ఆయన ముఖం మారింది. "బయటోళ్లా?"

"తెలియదు సార్. అదే భయం."

"ముందు అది తేల్చండి. ఆనక చెప్తా."

వెళ్లి ఇంటర్నెట్ కేబుల్ పీకేశాను. బయటివాళ్లెవరూ మమ్మల్ని చేరలేరు కదా అనుకుని సర్వర్‌ని మళ్లీ లేపాను. కాసేపటికి మళ్లీ పడిపోయింది. అంటే పంపుతున్నది లోపలి నుంచే. బయటివాడు ముందే లోపలికొచ్చి మా యంత్రాల్లో ఒకదాన్ని పట్టుకున్నాడేమోనన్న ఆలోచన వచ్చింది. సర్వర్ తన దగ్గరికి వచ్చినవన్నీ రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చూస్తే, పడిపోయిన ప్రతిసారీ ముందు వచ్చిన అభ్యర్థన ఒకే చోటు నుంచి వచ్చింది. కార్మికుల గేటు దగ్గరి హాజరు మిషను.

ఐసులో, రొయ్యల నీళ్లలో నానీ నానీ ఆ ఆడవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి. మిషను చాలాసార్లు గుర్తుపట్టదు. అందుకని ముందురోజే మిషను కంపెనీవాళ్లు వచ్చి, వేలు పడకపోతే పేరు కొట్టేలా మార్చి వెళ్లారు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి వాచ్‌మెన్ అలాగే చేస్తున్నాడు.

"పేరు కొడితే తీసుకోలా అక్కా. ఇంకో పేరు కొట్టినా. పాతది పోకుండా దాని పక్కనే చేరతా ఉండాది," అన్నాడు.

స్క్రీను మీద చూశాను. ఆడవాళ్ల పేర్లన్నీ ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఖాళీ లేకుండా, ఒకే పొడుగు పేరై ఉన్నాయి. పిన్ని పేరు కూడా అందులో ఉంది. మిషను వైరు పీకేసి, అందరినీ చేత్తో రాసుకుని లోపలికి పంపమన్నాను.

సంగతి చెప్పగానే మేనేజర్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "బయటోళ్లు కాదు గదా. అయితే రేపు చేద్దాంలే."

"తెలియక ఒక మిషను చేసింది సార్. తెలిసినవాడు ఇంకా తేలిగ్గా చేస్తాడు. మన చెన్నై ఆఫీసు వాళ్ల కోసం ఈ సర్వర్‌కి బయట నుంచి దారి ఉంది. కేబుల్ మళ్లీ పెట్టాలంటే నాకు భయంగా ఉంది."

ఆయన కిటికీలోంచి లారీల వరస ఒకసారి చూశారు. "కానీండి. తొందరగా," అన్నారు.

తొందరగా కాలేదు. ఫోనులోకి దించుకున్న కొత్త వెర్షన్ వేశాక సర్వర్ లేవనే లేవలేదు. బయట కంటైనర్ లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, ఆ గుర్రుమనే శబ్దం గోడల్లోంచి వినిపిస్తూనే ఉంది. మేనేజర్ గారు తలుపు దగ్గరికి వచ్చి, వెళ్లి, మళ్లీ వచ్చారు. పాత వెర్షనే తిరిగి పెట్టేద్దామా అని చేయి పోయింది కూడా. చివరికి తెలిసింది, పాత సెట్టింగుల్లో ఒక వరసను కొత్త వెర్షన్ ఒప్పుకోవడం లేదు. దాన్ని మార్చి నడిపించాను. లేచింది. అయినా నమ్మకం కలగలేదు. ల్యాబ్‌లో రిపోర్టు తెరుచుకుందని ఫోను వచ్చాకగానీ కుర్చీలోంచి లేవలేకపోయాను. సాయంత్రం చీకటి పడకముందే కంటైనర్ గేటు దాటింది.

ఆ తర్వాత చాలా రోజులు పాత లాగ్‌లన్నీ తిరగేశాను. ఆ దారి అంతకాలం తెరిచే ఉంది కదా, మాకు తెలియకముందే ఎవరైనా వచ్చి వెళ్లారేమోనని. ఏమీ కనబడలేదు. చెన్నై నుంచి వచ్చి చూసినవాళ్లకూ కనబడలేదు. కానీ వచ్చినవాడు తన జాడ తుడిచిపోగలడని నాకు తెలుసు. అందరి పాస్‌వర్డులూ మార్పించాను. విసుక్కున్నారు.

ఒకరోజు బస్సులో పిన్ని నా పక్కన కూర్చుంది.

"మా పేర్లు ఎవరన్నా ఎత్తుకుపోయినారా పాపా? షెడ్డులో అడగతా ఉండారు."

"లేదనుకుంటా పిన్నీ."

"అనుకుంటావా, తెలుసా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "అనుకుంటా," అన్నాను.

"వాళ్లకి మాత్రం లేదనే చెప్తాలే. మళ్లా నిద్ర పోరు," అంది.