బోర్డు అద్దెకు తీసుకున్న మా బావ

ఈ రోజు గుడివాడలో మా అక్క సుగుణమ్మ ఇంట్లో జరిగిన సంగతి ఇంకా నా మనసును వదలడం లేదు.

మా బావ యోహాను బస్టాండు ఎదుట కాఫీ హోటలు పెట్టబోతున్నాడు. సొంత పేరుతో కాదు, బెజవాడలో పేరుమోసిన ఒక హోటలు పేరుతో. ఆ యజమాని వంటవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి షరతులు చెప్పాడు. ముందుగా డిపాజిట్టు కట్టాలి. కాఫీ పొడి, నెయ్యి, పప్పులు ఆయన దగ్గరే కొనాలి. వ్యాపారం సాగినా సాగకపోయినా నెలనెలా బోర్డుకు అద్దె పంపాలి. ఒక్క నెల తప్పినా బల్లలూ గిన్నెలతో సహా హోటలు ఆయనదవుతుంది. బావ అన్నిటికీ తలూపాడు. డిపాజిట్టు కోసం అక్క పొలానికి పొద్దున్నే బయానా కూడా పుచ్చుకున్నాడట.

భోజనాలయ్యాక బావా, యజమానీ స్థలం చూడటానికి వెళ్లారు. అరుగు మీద కూర్చున్న వంటవాడికి అక్క మజ్జిగ ఇచ్చింది.

"ఆయన దగ్గర చాన్నాళ్ల నుంచి చేస్తున్నారాండీ?" అని అడిగింది.

"రెండేళ్లేనమ్మా. అంతకుముందు ఏలూరులో ఇదే బోర్డుతో హోటలు నడిపింది నేనే," అన్నాడతను.

అక్క తిరిగి నా వైపు చూసింది.

బావ తిరిగి రాగానే పక్కకు పిలిచి ఆ మాట చెప్పాను. "అతనికి చేతకాలేదు బామ్మర్దీ, నాకు చేతనవుద్ది," అని నవ్వి, ఒప్పందం కాగితం మీద సంతకానికి నా కలం అడిగాడు. జేబులో ఉండి కూడా లేదన్నాను. యజమాని వెంటనే తన కలం మూత తీసి అందించాడు.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నాకు చేతనైన అడ్డు అంతే.