రూతమ్మ టీచర్ లిస్బన్ రిహార్సల్

అటక మీద నుంచి పెట్టె దింపి జిప్పు లాగానో లేదో, తుమ్ము. ఒకటి కాదు, వరసగా ఐదు. వంటింట్లోంచి మా ఆయన "ఆ పెట్టే తీశావా?" అని అరిచాడు. తుమ్ములు వినగానే ఏ పెట్టె తెరుచుకుందో మా ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఆరేళ్ళయింది. రెండుసార్లు ఉతికాను, మూడు ఎండాకాలాలు మేడ మీద పడేశాను, అయినా కుట్ల సందుల్లో దాక్కున్న కారం పోలేదు. పోకపోతేనే బాగుంటుందని ఈమధ్య ఉతకడమే మానేశాను. కళ్ళు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ, ఖాళీ పెట్టె ముందు కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. రూతమ్మ టీచర్ ఉండి ఉంటే, "ఏడుపో నవ్వో ఏదో ఒకటి తేల్చుకో సుజాతా, రెండూ కలిపేస్తే చూసేవాళ్ళకి అర్థం కాదు" అని ఉండేవారు.

రూతమ్మ టీచర్ నల్లపాడులో మాకు ఎనిమిదో తరగతి సోషల్ చెప్పారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. గంజి పెట్టిన నూలు చీర, చేతికి మగవాళ్ళ వాచీ. పిల్లల్ని కొట్టడం ఆవిడకి చేతకాదు. దానికి బదులు పేరు పెట్టి పిలిచి, మనం జవాబు చెప్పేదాకా అలా చూస్తూ నిలబడేవారు. అంతకంటే నాలుగు దెబ్బలు తినడం నయమనిపించేది నాకు. ఎందుకంటే నాకు నోరు పెగిలేది కాదు. మా నాన్న మిరప రైతు. మా ఇంట్లో అందరివీ ఈ గట్టు మీద మాట్లాడితే ఆ గట్టుకి వినపడే గొంతులు. వాళ్ళ మధ్య నేనొక్కదాన్ని ఎలా పుట్టానో గానీ, కొట్టుకెళ్ళి ఉప్పు ప్యాకెట్టు అడగాలన్నా చెమటలు పట్టేవి.

ఏటా డిసెంబరులో టీచర్ క్రిస్మస్ నాటకం వేయించేవారు. చర్చికెళ్ళేవాళ్ళా గుడికెళ్ళేవాళ్ళా అని చూడకుండా క్లాసు మొత్తానికీ వేషాలు పంచేవారు. నక్షత్రం వెంట బాలయేసుని చూడ్డానికొచ్చే ముగ్గురు జ్ఞానుల్లో నాకు మూడో జ్ఞాని వేషం వచ్చింది. మొత్తం నాటకంలో నాది ఒకే ఒక్క మాట: "అదిగో నక్షత్రం!" రిహార్సల్స్‌లో బాగానే చెప్పాను. తీరా తెర లేచి ఊరంతా ఎదురుగా కనపడేసరికి చెయ్యయితే లేచింది గానీ గొంతు లేవలేదు. దూది గడ్డం పెట్టుకుని, వేలు గాల్లో పెట్టి, కొయ్యబారిపోయాను. చివరికి తెర వెనక నుంచి టీచరే "అదిగో నక్షత్రం!" అని అరిచారు. జనం గొల్లున నవ్వారు. నాటకం అయ్యాక గోడ పక్కన ఏడుస్తుంటే టీచర్ వచ్చి నా గడ్డం ఊడదీసి, దాంతోనే నా కళ్ళు తుడిచారు. "నీ తప్పేం లేదమ్మా. రిహార్సల్ సరిపోలేదు, అంతే" అన్నారు. ఆవిడ లెక్కలో లోకంలో ఏది చెడినా కారణం అదొక్కటే. ఊళ్ళో ఎవరి పెళ్ళిలో భోజనాలు చాలకపోయినా అదే మాట అనేవారు.

అలాంటి నేను క్లాసులో ఒకే ఒక్కసారి నోరు తెరిచాను. ఆ రోజు పాఠం పోర్చుగీసు వాళ్ళ గురించి. మనం మన సొంతమనుకునే మిరపకాయ మనది కాదనీ, సముద్రాల అవతల పుట్టిందనీ, పోర్చుగల్‌లోని లిస్బన్ నుంచి బయల్దేరిన ఓడలవాళ్ళ చేతుల మీదుగా మన దేశానికి వచ్చిందనీ టీచర్ చెబుతున్నారు. క్లాసు ఒప్పుకుంటే కదా! "మిరపకాయ మనది కాకపోడమేంది టీచర్! మరి గుంటూరో?" అని వెనక బెంచీలు లేచాయి. ఆ గోలలో నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో మరి: "టీచర్, ఆ ఊరు మీరు చూశారా?" ఒక్కసారిగా అందరూ నా వైపు తిరిగారు. పొగరుగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. టీచర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. "చూడలేదమ్మా. పుస్తకంలో ఉన్నది చెబుతున్నాను" అన్నారు. మళ్ళీ చాక్‌పీసు అందుకుంటూ, "చూసొచ్చి చెప్తాను" అన్నారు. ఇంతలో గంట కొట్టారు. ఇంటికెళ్ళేలోపే నేను ఆ మాట మర్చిపోయాను.

ఆవిడ మర్చిపోలేదు. చాలా ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. రైతులు ఫోన్ చేస్తే పక్క సీటు అమ్మాయికి అందించేదాన్ని. ఒక సాయంత్రం టీచర్ మా ఇంటికి వచ్చారు. రిటైరై ఏడాది అయింది అప్పటికి. మంచినీళ్ళయినా తాగకుండా, "మే నెలలో నీకు వారం సెలవు దొరుకుతుందా?" అన్నారు. దొరుకుతుంది, మిర్చి యార్డుకి వేసవి సెలవులు కాబట్టి మాకూ తీరికే. "ఎందుకు టీచర్?" అన్నాను.

"లిస్బన్ వెళ్ళాలి. అడిగింది నువ్వు. తోడు నువ్వే రావాలి."

ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. సంచిలోంచి కొత్త పాస్‌పోర్టు తీసి టీపాయ్ మీద పెట్టారు. "నువ్వు అడిగిన దగ్గర్నుంచి ఆ పాఠం వచ్చినప్పుడల్లా గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. చూసొచ్చి చెప్తానని పిల్లలకి మాటిచ్చాను. ఆ మాట ఎగ్గొట్టి పోవడం నాకిష్టం లేదే" అన్నారు. అంత తేటగా చెప్పాక కాదనడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడ వెళ్ళాక మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "పక్కింట్లో తోడుకి పెరుగు అడగాలంటే నన్ను పంపిస్తావు. నువ్వు పోర్చుగల్‌లో దారి అడుగుతావా?" అన్నాడు. నాకూ అదే భయం. పోయి పోయి ఆవిడ నన్నెందుకు నమ్ముకున్నారో అర్థం కాలేదు.

నా భయాన్నంతా జాబితాలో పెట్టాను. ఇంటర్నెట్లో వెతికి నాలుగు రోజుల్లో చూడాల్సినవి ఇరవై మూడు పట్టుకుని, రంగుల బొమ్మలతో ప్రింటు తీసి తీసుకెళ్ళాను. కోట, చర్చిలు, మ్యూజియాలు, పచ్చ ట్రాము, పసుపు ట్రాము. టీచర్ ఎర్ర పెన్ను తీశారు. "నాలుగు రోజుల్లో ఇరవై మూడా? ఇది ఊరు చూడటం కాదే, హాజరు పిలవడం. ఉన్నావా, ఉన్నాను, తర్వాతి వాడు!" టకటకా కొట్టేశారు. పాత క్యాలెండరు కాగితం వెనక నాలుగు గీతలు గీసి, రోజుకొక్కటే రాశారు. మొదటి రోజు, ఊరికే ఒకచోట కూర్చోవడం. రెండో రోజు, కొండ మీద పాత వీధులూ కోటా. మూడో రోజు, ఓడలు బయల్దేరిన నది ఒడ్డు. నాలుగో రోజు, ముందు మూడు రోజుల్లో ఏది బాగుంటే అక్కడికే మళ్ళీ. కాగితం మడిచి, "సరే, ఇక రిహార్సల్ ఎప్పుడు?" అన్నారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం పెట్టారు. కొత్త బూట్లు, వీపుకి సంచులు, నెత్తికి టోపీలు. నల్లపాడు నుంచి గుంటూరు దాకా రైలు, అది మా ట్రాము. అక్కడి నుంచి కొండవీడు, అది మా లిస్బన్ కొండ. రోజంతా తెలుగు మాట్లాడకూడదు. దారి అడగాల్సింది నేను, నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో, చేతి సైగలతో. గుంటూరు బస్టాండు దగ్గర సిగ్గుతో చచ్చిపోతూ ఒక ఆటో అతని దగ్గరికెళ్ళి, "ఎక్స్‌క్యూజ్ మీ సర్... కొండవీడు... బస్... వేర్?" అన్నాను. అతను నన్నూ, నా వెనక టోపీ పెట్టుకుని నిలబడ్డ టీచర్నీ ఎగాదిగా చూశాడు.

"ఓరి దేవుడో, రూతమ్మ టీచర్ కదండీ! నాకు సోషల్ చెప్పారు గదా మీరు!"

"నో సర్. ఐ యామ్ ఎ టూరిస్ట్" అన్నారు టీచర్, తొణక్కుండా.

అతను నా వైపు వంగి గొంతు తగ్గించి, "ఏమైందమ్మా టీచర్ గారికి? ఎవరికన్నా చూపిస్తున్నారా?" అని అడిగాడు. నవ్వు ఆపుకోలేక నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెలుగులో చెప్పేద్దామని నోరు తెరిస్తే టీచర్ కళ్ళెర్రజేశారు. చివరికి నేను చేతులు తిప్పి, స్టీరింగు పట్టుకున్నట్టు అభినయించి, బస్సు మోత మోగించి చూపించాను. అతను దండం పెట్టి బస్సు చూపించాడు. కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది, నాకు చెమటలు పట్టలేదని. దారి పొడుగునా కల్లాల్లో ఎండబోసిన మిర్చి. బస్సంతా దగ్గుతోంది, మేమిద్దరం ఇంగ్లీషులో దగ్గుతున్నాం.

కొండవీడు మెట్లు సగమయినా ఎక్కకముందే టీచర్ ఒక మెట్టు మీద కూలబడిపోయారు. రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నారు. మొహమంతా వాడిపోయింది. ఆ రోజు మొదటిసారి తెలుగులో మాట్లాడారు.

"నావల్ల కాదే సుజాతా. అక్కడ ఊరంతా ఎత్తుపల్లాలేనట. తెలియని దేశంలో నీకు బరువైపోతాను. మానేద్దాం."

నిజం చెప్పాలంటే మొదట నాకు హమ్మయ్య అనిపించింది. విమానం లేదు, పరాయి మనుషుల్లేరు, దారి అడిగే పని లేదు. మరుక్షణం ఆవిడ తన కొత్త తెల్లబూట్ల వైపు చూసుకోవడం చూశాను. వేలితో వాటి మీది దుమ్ము తుడుస్తున్నారు, ఇంక తొడగనివి దాచుకునేటప్పుడు తుడిచినట్టు. ఎనిమిదో తరగతి పిల్లకిచ్చిన మాట కోసం ఇంత దూరం వచ్చిన మనిషి, ఇక్కడితో ఆగిపోతే ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది. పైగా అది గుచ్చింది నేను.

"నో తెలుగు, మేడమ్" అన్నాను. "రూల్ ఈజ్ రూల్."

ఆవిడ తలెత్తి చూశారు. నాకు ఊపొచ్చేసింది. "హిల్, నో. రివర్, ఎస్. రివర్ ఈజ్ ఫ్లాట్. షిప్స్ నాట్ గో ఫ్రమ్ హిల్, మేడమ్!" అని కొండ మీద కేకలేశాను. మా నాన్న గొంతు నాలో ఎక్కడ దాక్కుందో అప్పుడు బయటికొచ్చింది. కింద మెట్లెక్కుతున్న కుటుంబం ఆగిపోయి చూసింది. టీచర్ ముందు పెదాలు బిగబట్టారు, తర్వాత నవ్వు మొదలుపెట్టి, మెట్టు మీద పక్కకి వాలిపోయేదాకా నవ్వారు. "గ్రామర్ ఘోరం. పాయింట్ కరెక్ట్" అన్నారు. అక్కడే క్యాలెండరు కాగితం తీసి కొండనీ కోటనీ నేనే కొట్టేశాను. నాలుగు రోజులూ నది ఒడ్డే. ఆ ఎర్ర పెన్ను నా చేతికివ్వడం అదే మొదటిసారి.

ఎంత రిహార్సల్ చేసినా ఒక పొరపాటు జరగనే జరిగింది. ఆ ఊరికి మన మిరపకాయ చూపించాలని టీచర్ కోరిక. పావుకిలో ఎండుమిర్చి నేనే సర్దాను. బాగా ఎండిన కాయ పట్టుకుంటే పెళపెళా విరుగుతుంది, అందుకే మావాళ్ళు బస్తాకెత్తే ముందు కాసిని నీళ్ళు చిలకరించి మెత్తబరుస్తారు. పెట్టెలోకి నీళ్ళేమిటిలే అని నేను మానేశాను. మిరప రైతు కూతుర్ని! లిస్బన్ హోటల్లో పెట్టె తెరిచేసరికి బూట్ల కింద నలిగి అంతా పొడి. ఇద్దరం గది వదిలి పరిగెత్తాం. వరండాలో పక్కగదుల వాళ్ళు కూడా తుమ్ముతూ బయటికొచ్చారు. "రిహార్సల్..." అని మొదలెట్టి, టీచర్ కూడా తుమ్మేశారు.

మూడో రోజు నది ఒడ్డున కూర్చున్నాం. బ్యారేజీ దగ్గర కృష్ణ అంత వెడల్పుంది. ఓడలు ఎటువైపు వెళ్ళాయో అడగమన్నారు టీచర్. పక్క బెంచీ మీద ఒక ముసలావిడ. లేచి వెళ్ళి, నా గుంటూరు బస్టాండు ఇంగ్లీషుతో, తెరచాపలా చేతులు చాపి అడిగాను. ఆవిడ సముద్రం వైపు చెయ్యి చూపించింది. టీచర్ రుమాల్లోంచి విరక్కుండా మిగిలిన ఒకే ఒక్క కాయ తీసి ఆవిడకిచ్చారు. ఆవిడ వాసన చూసి, ఏకధాటిగా తుమ్మింది. ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత టీచర్ నీళ్ళ వైపు తిరిగి చాలాసేపు కూర్చున్నారు. "చూశానమ్మా" అన్నారు చివరికి. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

తిరిగొచ్చాక పాత ఎనిమిదో తరగతిని పిలిపించారు. పదకొండు మంది వచ్చారు, కొందరికి బట్టతలలు. చర్చి పక్కన సండే స్కూలు గదిలో, పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. టీచర్ లేచి, "పిల్లలూ, అప్పుడు చూడలేదన్నాను. ఇప్పుడు చూసొచ్చాను" అన్నారు. ఓడల దాకా చెప్పి, "మిగతాది సుజాత చెబుతుంది" అని కూర్చుండిపోయారు. నేను లేచి ముందుకెళ్ళాను. "ఏమ్మా జ్ఞానీ, నక్షత్రం కనపడిందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "కనపడింది, కూర్చో" అన్నాను. అరగంట మాట్లాడాను. ఈసారి వెనక నుంచి నాకెవరూ మాట అందించలేదు. టీచర్ ముందు బెంచీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, విద్యార్థిలా విన్నారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. తలుచుకుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది. ఫోన్లు మాత్రం నేనే ఎత్తుతున్నాను. ఈ మే నెలలో మా ఆఫీసు ఆడవాళ్ళం నలుగురం లిస్బన్ వెళ్తున్నాం, నాలుగు రోజులకి. అందుకే పెట్టె దింపాను. నిన్న ఆఫీసులో భోజనాల దగ్గర క్యాలెండరు కాగితం పరిచి గీతలు గీస్తుంటే, ఆ నలుగురిలో ఒకతె, కొత్తగా చేరిన నాగలక్ష్మి దగ్గరకొచ్చి నిలబడింది. చేరిన దగ్గర్నుంచి ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విననే లేదు. చాలాసేపు కాగితం వైపే చూసి, వినపడీ వినపడనట్టు అడిగింది: "ఆ ఊరు మీరు చూశారా అక్కా?"

నేను ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టాను.

"చూశాను. మా టీచర్ చూపించారు" అన్నాను. "శనివారం పొద్దున్నే నల్లపాడు స్టేషనుకి రా. బూట్లు వేసుకో. దారి అడిగేది నువ్వే."