మా అమ్మ అలికిన పిచ్

ఉదయగిరిలో స్టేడియం ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. దుర్గం కొండ కింద ఎడ్ల సంత జరిగే బయలే మా స్టేడియం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసులో చదివి వచ్చినాయన ఒకరు మాకు బ్యాట్ పట్టుకోవడం నేర్పారు. మేం రాళ్ళేరి, తుమ్మకంప కొట్టి నేల చదును చేశాం. పిచ్ మీద పరవడానికి చాప లేదు. అందుకని మా అమ్మ దాన్ని కళ్ళం చేసినట్టే చేసింది. మట్టిలో పొట్టు కలిపి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికింది. కళ్ళం అలకడంలో ఆమెకు ఊళ్ళో మంచి పేరుండేది.

ఆ పిచ్ మీద ఆడటానికి మొదట వచ్చింది ఆత్మకూరు జట్టు. వాళ్ళ కెప్టెన్ తెల్ల ప్యాంటులో బస్సు దిగాడు. అమ్మ పొద్దున్నే మరోసారి అలికి, పక్కన చేతులు కడుక్కుంటోంది. అతను బూటుకాలితో నేలను గీకి ముక్కు మూసుకున్నాడు.

"ఏందిరా ఇది? ఆడేదానికి పిలిచినారా, పేడ తొక్కేదానికి పిలిచినారా? దీన్ని చేసినామెకి గొడ్లచావిడికీ గ్రౌండుకీ తేడా తెలీదా?"

అందరూ నవ్వారు. మావాళ్ళూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ తలెత్తకుండా తట్ట తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు అదే నేల మీద అతను మమ్మల్ని చితక్కొట్టాడు. ఓటమి మరిచిపోయాను గానీ ఆ నవ్వులు మరవలేదు. ఏడాది పొడుగునా బంతి వేసినప్పుడల్లా నాకు ఎదురుగా కనిపించింది ఆ మూసుకున్న ముక్కే.

మరుసటి ఎండాకాలం వాళ్ళని మళ్ళీ పిలిచాం. ముందురోజు అమ్మ పిచ్ చేస్తుంటే చూశాను. మట్టిలో పొట్టు కలపడం లేదు.

"పొట్టు మర్చిపోయినావమ్మా."

"మర్చిపోలేదురా. పొట్టు లేకపోతే పొద్దున నున్నంగా ఉంటాది. ఎండ ముదిరితే బీటలిస్తాది. మీరు ముందు ఆడేయండి."

తీరా చూస్తే టాస్ అతనే గెలిచాడు. అతను ముందు ఆడతానంటే ఆ బీటలు మా పాలే. కానీ అతని పొగరు ఊరుకోనివ్వదు కదా.

"ముందు మీరే ఆడండిరా. బిరీన ముగించుకోని బస్సెక్కుతాం" అన్నాడు.

మధ్యాహ్నం దాకా మేమే ఆడాం. భోజనాలయ్యేసరికి నేల బీటలిచ్చి పెళ్ళలు లేచింది. అతను రాగానే బంతి నేను తీసుకున్నాను. మొదటిది ఎగిరి అతని రొమ్ముకు తగిలింది. రెండోది బీటలో పడి, నేలబారున పాకి, మధ్య కర్రను లేపేసింది. నేను పగలబడి నవ్వాను. అలా నవ్వడం ఆటలో మర్యాద కాదట. కాకపోతే పోనీ.

వాళ్ళు ఓడిపోగానే ఇంటికి పరుగెత్తాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"ఔటైనాడా?"

"అయినాడమ్మా. నేనే తీసినాను."

"ఏడ్చినాడా?"

"లేదు."

అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"అయితే వచ్చే ఏడు మళ్ళీ పిలవండి."