లామ్రియా అవ్వ అసలు పేరు

మా తోబా సరస్సు ఒడ్డున బిడ్డ పుడితే తల్లిదండ్రుల పేర్లు మూలపడతాయి. పెద్దవాడు హోత్మా పుట్టినప్పటి నుంచి నేను హోత్మా నాన్ననే. రేపు వాడికి బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరుతో తాతనవుతాను. పెద్దవాళ్ళను సొంత పేరుతో పిలవడం మా దగ్గర తిట్టు కింద లెక్క. పొలం గట్టు తగాదా బాగా ముదిరితే తప్ప ఎవడూ ఎదుటివాడి తండ్రి పేరు ఎత్తడు. ఎత్తాడంటే ఇక కర్రలు లేస్తాయి.

ఒక ఏడాది మా చర్చి సంఘం సభ్యుల పుస్తకాన్ని చెదలు తినేశాయి. సంఘ పెద్దల్లో చేతిరాత బాగున్నవాణ్ణి కాబట్టి కొత్తది రాసే పని నా నెత్తిన పడింది. ముసలివాళ్ళ అసలు పేర్లు వాళ్ళనే అడిగితే బాగుండదని, పక్కింటివాళ్ళకు ఆకువక్క పెట్టి ఒక్కొక్కటీ రాబట్టాను. లామ్రియా అవ్వ సంగతికి వచ్చేసరికి చెప్పేవాళ్ళే దొరకలేదు. సరేలెమ్మని ‘లామ్రియా అవ్వ’ అనే రాస్తే, పాస్టరు గారు దానిచుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపారు. బాప్తిస్మం నాటి పేరు కావాలట.

అవ్వకు ఎనభై దాటాయి. లామ్రియా ఆమె పెద్ద మనవరాలు. తుంగ చాపలు అల్లేది. ఊళ్ళో పెళ్ళికీ చావుకీ పరిచే చాపలన్నీ ఆమెవే. శనివారం సాయంత్రం గంట కొట్టేలోపు చర్చి మొత్తం ఊడ్చేసేది. నోరు మాత్రం మహా కారం. ఆదివారం నేను ప్రకటనలు చదువుతూ తడబడితే, ముందు బెంచీలోంచి అందరికీ వినపడేలా గొణిగేది.

ఎర్ర సిరా చూసిన చిరాకులో నేను మర్యాద మరిచి నేరుగా ఆమెనే అడిగేశాను.

“తప్పుగా అనుకోకవ్వా. నీ సొంత పేరేంటి?”

“ఏం హోత్మా నాన్నా, నన్ను తిట్టాలని బుద్ధి పుట్టిందా?” అని నవ్వింది. చెబుదామని నోరు తెరిచింది. నోరు అలాగే ఉండిపోయింది. చేతిలో తుంగ ఆగిపోయింది.

“ఉండు... మా అమ్మ పిలిచేది...”

రాలేదు. ఇరవై నిండకముందే కొడుకు పుట్టి ఆమె పేరు మారింది. ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా ఆ పాత పేరు ఎవరూ పలకలేదు. పలికినవాళ్ళంతా మట్టిలో కలిసిపోయారు. సర్కారు కాగితంలోనూ లామ్రియా అవ్వే. సితంగాంగ్ వారి ఆడపడుచు అన్నదొక్కటే మిగిలింది. ఆ ఇంటిపేరు ఆడపడుచులు మా సరస్సు చుట్టూ కొన్ని వేలమంది.

ఆ ఆదివారం అవ్వ చర్చికి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. బెంచీల కింద దుమ్ము పేరుకుంది. ఏమైందో చూద్దామని వెళ్తే, గుమ్మంలో ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

“కడపటి రోజున ప్రభువు తనవాళ్ళను పేరు పెట్టి పిలుస్తాడని పాస్టరు గారు చెప్పారా లేదా?” అంది.

“చెప్పారు.”

“పిలిచాడనుకో. ఎవర్నో పిలుస్తున్నాడులే అనుకుని నేను ఇక్కడే కూర్చుండిపోతే?”

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను. ఇన్నేళ్ళు ఆయన ఇల్లు ఊడ్చిన మనిషి, ఆయనకు తాను దక్కకుండా పోతానేమోనని వణుకుతోంది.

“ఆయనకు అన్నీ తెలుసవ్వా” అన్నాను.

“నీకేం, నీ పేరు నీకు తెలుసు. ఎన్నైనా చెబుతావు.”

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడే పడవెక్కి అవతలి ఒడ్డున ఉన్న ఆమె పుట్టినూరికి వెళ్ళాను. అక్కడి సంఘం పుస్తకం యుద్ధంలో కాలిపోయిందట. అన్నదమ్ములు ఎప్పుడో పోయారు. ఆ ఊళ్ళో అందరికంటే ముసలావిడ నేను ఎవరి గురించి అడుగుతున్నానో కూడా పోల్చుకోలేకపోయింది. రెండు రోజులు తిరిగి ఒట్టి చేతులతో వచ్చాను.

పేరు దొరకలేదని చెబితే అవ్వ పక్కనున్న తుంగ అందుకుని అల్లడం మొదలుపెట్టింది. కనీసం మిగతా గడులైనా నింపుదామని పుస్తకం తెరిచాను.

“పిల్లలు ఆరుగురు కదా?”

“ఏడుగురని రాయి.”

“ఏడో బిడ్డ ఎవరవ్వా?”

“ఏడోది కాదు, మొదటిది. ఆడపిల్ల. పేరు పెట్టకముందే, మూడో రోజున పోయింది.”

నేనొక మొద్దును. పుస్తకం పిచ్చిలో ఉన్నాను. “పేరు లేకుండా ఏమని రాయను?” అన్నాను.

అవ్వ చేతిలోని తుంగ విసిరికొట్టింది.

“నా బిడ్డను గుర్తుపట్టడానికి నాకు పేరు కావాలా? ఎడమ చెవి కింద బియ్యపు గింజంత మచ్చ. కుడికాలి చిటికెన వేలు లోపలికి ముడుచుకుని ఉండేది. తుంగ కోసినా, పొయ్యి ఊదినా, అది నా కళ్ళముందే ఉంది ఇన్నేళ్ళూ. నన్ను ఒక్కసారైనా అమ్మా అనలేదు. నేనెవరో కూడా దానికి తెలీదు. అయితే మాత్రం? వెయ్యిమంది పసిపిల్లల్ని వరసగా పడుకోబెట్టు, నా కళ్ళకు గంతలు కట్టు, నా బిడ్డను నేను...”

అక్కడ ఆగిపోయింది.

ఆమె చెయ్యి మెల్లగా నోటిమీదికి వెళ్ళింది. నా వైపే చూస్తోంది గాని, చూస్తున్నది నన్ను కాదు. ఆమెకు ఏం తట్టిందో నాకూ అప్పుడే తట్టింది. ఇరవై ఏళ్ళుగా దేవుని ప్రేమ గురించి ఆ చర్చిలో నిలబడి గడగడా చదివినవాణ్ణి, అది ఇంతటిదని ఒక్కనాడూ అనుకోలేదు. దాని ముందు కూర్చుని ఉండటానికి భయమేసి లేచి నిలబడ్డాను. బయట ఎవరో వల దులుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

అవ్వ నెమ్మదిగా అంది:

“పిలవక్కర్లేదు, హోత్మా నాన్నా. ఆయనే వచ్చి ఎత్తుకుంటాడు.”

“మరి ఈ గడి?”

“ఖాళీగా వదిలెయ్. దానిదీ, నాదీ. పాస్టరు గారు తిడితే పడు.”

పాస్టరు గారు తిట్టలేదు. జరిగింది విని, ఆ రెండు ఖాళీ గడుల వంక చాలాసేపు చూసి, ఎర్ర పెన్నుకు మూత పెట్టేశారు. ఆ శనివారం అవ్వ చీపురు పట్టుకుని ఎప్పటిలాగే వచ్చింది. తాను రాని వారాల్లో నేను సరిగా తుడవలేదని బెంచీలన్నీ మళ్ళీ తుడిపించింది.

రెండేళ్ళకు, వరికోతల రోజుల్లో, నిద్రలోనే పోయింది. భూస్థాపన దగ్గర పోయినవాళ్ళ పేరూ వివరాలూ సంఘ పెద్ద చదవాలి. ఆమె అల్లిన చాపల మీదే ఊరంతా నిలబడింది. కాగితం విప్పాను. మొదటి పంక్తి పేరుది. ‘లామ్రియా అవ్వ’ అని అనబోయి మానేశాను. తల వంచుకుని ఊరుకున్నాను. ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ దగ్గలేదు, పిల్లలు కూడా కదల్లేదు. అప్పుడు నేను నోరు తెరిస్తే ఎవరి మాటకో అడ్డుపడినట్టవుతుందని నిజంగా భయమేసింది.

చాలాసేపు ఆగి రెండో పంక్తి చదివాను.

“ఏడుగురు బిడ్డల తల్లి.”